మన పేగుల్లో కాపురమున్న సూక్ష్మజీవులకూ చక్కెర జబ్బుకూ ఏమిటి సంబంధం?

చక్కెర జబ్బు పేరు వినని వారు ఇవాళ ఉండరు. మీ వీధిలో నాలుగు ఇళ్ళు తిరిగి చూడండి. ఏదో ఒక ఇంట్లో తాతయ్యో, పెద్దమ్మో టీలో పంచదార వద్దంటూ ఉంటారు. భోజనానికి ముందు మాత్ర వేసుకునే వారు కొందరు, ఇన్సులిన్ సూది పొడుచుకునే వారు కొందరు. 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉంది. జబ్బు దాకా రాకపోయినా దాని అంచున నిలబడ్డ వారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. మద్రాసులోని మధుమేహ పరిశోధన సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన సర్వే ఇది.

ఈ జబ్బు ఎందుకు వస్తుంది? వంశపారంపర్యం అంటారు. ఊబకాయం అంటారు. ఒంటికి పని లేకపోవడం అంటారు. అన్నీ నిజమే. అయితే గత ఇరవై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు మరో చోట కూడా వెతుకుతున్నారు. ఆ చోటు మన పెద్దపేగు. అక్కడ నివసించే బాక్టీరియాకు మన రక్తంలోని చక్కెరతో సంబంధం ఉందా అన్నది వారి ప్రశ్న. ఈ వెతుకులాట పత్తేదారు కథలా ఉంటుంది. దొంగ దొరికాడనుకున్నంతలో ఆ దొంగ వేరే వాడని తేలడం కూడా ఇందులో ఉంది.

తాళం, తాళంచెవి

ముందుగా చక్కెర సంగతి చూద్దాం. మనం తిన్న అన్నం, రొట్టె, ఇడ్లీ వీటిలోని పిండిపదార్థం చిన్నపేగులో విడిపోయి గ్లూకోజుగా మారుతుంది. గ్లూకోజు రక్తంలో కలుస్తుంది. జీవకణాలకు అదే ఇంధనం. కాని రక్తంలో ఉన్నంత మాత్రాన గ్లూకోజు కండరాల లోపలికి పోలేదు. కణం తలుపుకు తాళం వేసి ఉంటుందనుకోండి. ఆ తాళాన్ని తీసే చెవి ఇన్సులిన్ అనే హార్మోను. దీన్ని తయారు చేసేది క్లోమగ్రంథిలోని బీటా కణాలు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు యువకులు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను వేరు చేశారు. మరుసటి సంవత్సరమే అది మనుషుల ప్రాణాలు కాపాడింది.

చక్కెర జబ్బులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటి రకంలో బీటా కణాలు నాశనమైపోతాయి. అంటే తాళంచెవులు తయారు చేసే కమ్మరే లేడన్నమాట. ఇది ఎక్కువగా చిన్నతనంలో కనిపిస్తుంది. రెండవ రకం వేరు. ఇందులో చెవి ఉంటుంది కాని తాళం తుప్పు పట్టి ఉంటుంది. ఇన్సులిన్ చెప్పిన మాటను కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు సరిగా వినవు. క్లోమం మరింత ఇన్సులిన్ చేసి పంపుతుంది. కొన్నేళ్ళు అలా గడిచాక అదీ అలసిపోతుంది. అప్పుడు రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. అలా పెరిగి ఏళ్ళ తరబడి ఉంటే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె దెబ్బతింటాయి. మన దేశంలో చక్కెర జబ్బు ఉన్నవారిలో అత్యధికులది ఈ రెండవ రకమే. మన కథ కూడా దీని గురించే.

పెద్దపేగులో పెద్ద ఊరు

1683లో హాలెండు దేశంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ళ మీది పాచిని గీకి, తాను అరగదీసిన భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో బుడబుడా ఈదుతున్న ప్రాణులు కనిపించాయి. మన శరీరంలో మనతో పాటు ఇంకెవరో ఉన్నారని మనిషికి అలా తెలిసింది.

ఎంత మంది ఉన్నారు? మన కణాల కంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువ అని చాలా పుస్తకాలు రాసేవి. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రజ్ఞులు ఆ లెక్కను మళ్ళీ కట్టారు. 70 కిలోల మనిషిలో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేలింది. పది రెట్లు కాదు, దాదాపు సమానం! ఇన్ని లక్షల కోట్ల బాక్టీరియానూ కలిపి తూచితే బరువు పావు కిలో కూడా ఉండదు. వీటిలో అత్యధిక భాగం ఉండేది పెద్దపేగులోనే.

అక్కడ ఆమ్లజని దాదాపు ఉండదు. ఆ చీకటి ఊరికి అలవాటు పడ్డ బాక్టీరియాలో చాలా వాటికి గాలి తగిలితే ప్రాణం పోతుంది. అందుకే పాత రోజుల్లో వాటిని ప్రయోగశాలలో పెంచి చూడటం చాలా కష్టమయ్యేది. ఇప్పుడు వేరే ఉపాయం ఉంది. మలంలో ఉన్న డి.ఎన్.ఎ. మొత్తాన్నీ తీసి, యంత్రంతో చదివి, ఏ జాతి బాక్టీరియా ఎంత ఉందో తేల్చవచ్చు. మనిషిని చూడకుండా వేలిముద్రను బట్టి పోల్చుకోవడం లాంటిదే ఇది.

మనం తినలేనిది వాటికి విందు

ఆకుకూరల్లో, పప్పుల పొట్టులో, తవుడులో ఉండే పీచుపదార్థాన్ని అరిగించే ఎంజైములు మన దగ్గర లేవు. అది చిన్నపేగు దాటి అలాగే పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియాకు అదే విందు భోజనం. అవి దాన్ని పులియబెట్టి మూడు ముఖ్యమైన ఆమ్లాలను తయారు చేస్తాయి. మొదటిది ఎసిటిక్ ఆమ్లం. వెనిగర్‌లో ఉండేది ఇదే. రెండవది ప్రొపియోనిక్ ఆమ్లం. మూడవది బ్యుటిరిక్ ఆమ్లం. పాడైన వెన్నకు వచ్చే ముక్క వాసన దీనిదే. వాసన మంచిది కాకపోయినా పని మంచిది. పెద్దపేగు గోడలోని కణాలకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఈ ఆమ్లం నుంచే వస్తుంది. అంటే మనం పీచు తింటే బాక్టీరియాకు తిండి, అవి వదిలిన ఆమ్లం మన పేగుకు తిండి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

పులియడం ఎలాంటిదో చూడాలంటే మీ వంటింటికి వెళ్ళండి. అప్పుడే రుబ్బిన ఇడ్లీ పిండిని రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా పోయండి. పిండి మట్టం దగ్గర దారం కట్టండి. ఒక గ్లాసును వంటింట్లో, మరొక దానిని ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవారి చూస్తే వంటింట్లోని పిండి దారం దాటి పైకి పొంగి ఉంటుంది. పుల్లని వాసన వేస్తుంది. ఫ్రిజ్‌లోని పిండి దాదాపు అలాగే ఉంటుంది. పిండిలోని బాక్టీరియా చక్కెరలను తిని ఆమ్లాన్నీ, వాయువునూ వదిలాయి. వెచ్చని చోట అవి చురుకుగా పని చేశాయి. మీ పెద్దపేగు కూడా 37 డిగ్రీల వెచ్చని గ్లాసే. అయితే అక్కడి బాక్టీరియా వేరు, అవి తినే సరుకు వేరు.

సూక్ష్మజీవులు లేని ఎలుకలు

పేగుల్లోని బాక్టీరియా శరీరంపై ప్రభావం చూపుతుందా లేదా అన్నది తేలాలంటే, అవి అసలే లేని జంతువు కావాలి. అలాంటి ఎలుకలను శాస్త్రజ్ఞులు పెంచుతారు. పిల్లలను తల్లి కడుపు కోసి తీస్తారు. గాలి చొరబడని ప్లాస్టిక్ గదిలో ఉంచుతారు. గాలిని వడపోసి, తిండినీ నీటినీ సూక్ష్మజీవులు లేకుండా చేసి లోపలికి పంపుతారు. వాటిని ముట్టుకోవాలన్నా గది గోడకు అమర్చిన రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టవలసిందే.

2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జెఫ్రీ గోర్డన్ బృందం ఇలాంటి ఎలుకలకు మామూలు ఎలుకల పేగుల్లోని బాక్టీరియాను ఇచ్చింది. రెండు వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు 60 శాతం పెరిగింది. ఎక్కువ తిన్నందువల్ల కాదు. నిజానికి అవి అంతకు ముందు కంటే తక్కువే తిన్నాయి! కొవ్వుతో పాటు ఇన్సులిన్ మాట వినని గుణం కూడా వచ్చింది. రెండవ రకం చక్కెర జబ్బుకు తొలిమెట్టు అదే కదా!

2013లో అదే బృందం మరో చక్కని ప్రయోగం చేసింది. ఒకరు లావుగా, మరొకరు సన్నగా ఉన్న కవల అక్కచెల్లెళ్ళను ఎంచుకున్నారు. వారి మలంలోని బాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకలకు విడివిడిగా ఇచ్చారు. లావుగా ఉన్న సోదరి బాక్టీరియా అందుకున్న ఎలుకలకు కొవ్వు ఎక్కువ పట్టింది. తర్వాత రెండు రకాల ఎలుకలను ఒకే బోనులో పెట్టారు. ఎలుకలకు ఒకదాని రెట్టను మరొకటి తినే అలవాటుంది. కాబట్టి బాక్టీరియా అటూ ఇటూ మారుతుంది. సన్న సోదరి బాక్టీరియా అవతలి ఎలుకల పేగుల్లోకి చేరి, వాటికి కొవ్వు పట్టకుండా ఆపింది. అయితే ఒక షరతు ఉంది. పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉన్న తిండి పెట్టినప్పుడే ఇలా జరిగింది. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ ఉన్న తిండి పెడితే ఆ మంచి బాక్టీరియా నిలదొక్కుకోలేదు. విత్తనం ఎంత మంచిదైనా నేల అనుకూలించాలి మరి.

మనుషుల్లో వెతకగా

ఎలుకల సంగతి సరే. మనుషుల మాటేమిటి? 2012లో చైనా శాస్త్రజ్ఞులు 345 మంది మలాన్ని పరీక్షించారు. చక్కెర జబ్బు ఉన్నవారి పేగుల్లో బ్యుటిరిక్ ఆమ్లం చేసే బాక్టీరియా తక్కువగా ఉంది. అవకాశం దొరికితే హాని చేసే రకాలు కొన్ని ఎక్కువగా ఉన్నాయి. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు 70 ఏళ్ళ వయసున్న 145 మంది స్త్రీలను పరీక్షించారు. వారిలోనూ బ్యుటిరిక్ ఆమ్లం చేసే రకాలు తగ్గినట్టు కనిపించింది. కాని చక్కెర జబ్బును పట్టిచ్చే మిగతా గుర్తులు చైనా వారికి ఒక రకంగా, స్వీడన్ వారికి మరో రకంగా ఉన్నాయి. ఒకే జబ్బుకు రెండు చోట్ల రెండు ముఖాలు ఎందుకున్నాయి?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. వీధిలో గొడుగులు ఎక్కువగా కనిపించిన రోజున బురద కూడా ఎక్కువే ఉంటుంది. అంతమాత్రాన గొడుగులే బురద చేశాయంటామా? రెండింటికీ కారణం వాన. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. చాటున మూడవది ఉండవచ్చు.

ఈ కథలో ఆ మూడవది నిజంగానే దొరికింది. అది చక్కెర జబ్బుకు వాడే మందు! మెట్‌ఫార్మిన్ అనే మాత్ర పేరు మీ ఇంట్లో విని ఉంటారు. ఐరోపాలో గలేగా అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. అందులోని పదార్థాన్ని పోలిన రసాయనమే ఇది. 1957 నుంచి చక్కెర జబ్బుకు వాడుతున్నారు. 2015లో డెన్మార్కు, చైనా, స్వీడన్ దేశాలకు చెందిన 784 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి చూశారు. మందు వాడుతున్న వారిని, వాడని వారిని వేరు చేశారు. జబ్బు గుర్తులని అనుకున్న తేడాల్లో చాలా భాగం జబ్బువి కావు, మెట్‌ఫార్మిన్‌వి! ఒక దేశంలో ఆ మందు వాడే వారు ఎక్కువ, మరొక దేశంలో తక్కువ. అందుకే ముఖాలు రెండయ్యాయి. మందు ప్రభావాన్ని తీసివేశాక కూడా ఒక్క గుర్తు మాత్రం మిగిలింది. బ్యుటిరిక్ ఆమ్లం చేసే బాక్టీరియా తగ్గడమే ఆ గుర్తు.

దీనికి కొసమెరుపు కూడా ఉంది. 2017లో కొత్తగా జబ్బు బయటపడిన వారిలో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి నాలుగు నెలలు చూశారు. మెట్‌ఫార్మిన్ తీసుకున్న వారి బాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకలకు ఇస్తే, ఆ ఎలుకలు గ్లూకోజును మెరుగ్గా అదుపు చేసుకున్నాయి. అంటే ఆ మందు చేసే మేలులో కొంత భాగం బాక్టీరియా ద్వారానే జరుగుతూ ఉండవచ్చు.

పేగులోంచి రక్తానికి దారులు

పెద్దపేగులో ఉన్న బాక్టీరియా ఎక్కడో ఉన్న కండరాన్నీ, క్లోమాన్నీ ఎలా ప్రభావితం చేస్తుంది? కొన్ని దారులు తెలిశాయి.

మొదటిది కబురు దారి. పేగు గోడలో అక్కడక్కడా హార్మోనులు చేసే కణాలున్నాయి. బాక్టీరియా చేసిన ఆమ్లాలు తగిలినప్పుడు ఈ కణాలు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును వదులుతాయి. ఆ హార్మోను క్లోమానికి కబురు పంపుతుంది: “చక్కెర వస్తోంది, ఇన్సులిన్ సిద్ధం చెయ్యి!” కడుపు నిండిందని మెదడుకు కూడా చెబుతుంది. ఈ హార్మోనును పోలిన మందులను ఇప్పుడు చక్కెర జబ్బుకు వాడుతున్నారు.

రెండవది కారుడు దారి. కొన్ని రకాల బాక్టీరియా పైపొరలో ఒక విషపదార్థం ఉంటుంది. పేగు గోడ గట్టిగా ఉన్నంత కాలం అది లోపలే ఉంటుంది. గోడ బలహీనపడితే కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతుంది. శరీరం దాన్ని శత్రువుగా భావించి, చిన్న మంట లాంటి వాపును రగిలిస్తుంది. జ్వరం రాదు, నొప్పి తెలియదు. కాని ఆ నివురుగప్పిన నిప్పు వల్ల కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. 2007లో ఫ్రాన్స్, బెల్జియం దేశాల శాస్త్రజ్ఞులు దీన్ని ఎలుకల్లో చూపించారు. కొవ్వు ఎక్కువగా తిన్న ఎలుకల రక్తంలో ఈ విషం రెండు మూడు రెట్లు పెరిగింది. మామూలు తిండి తింటున్న ఎలుకలకు అంతే విషాన్ని నాలుగు వారాలు ఎక్కిస్తే, వాటి రక్తంలో కూడా గ్లూకోజు, ఇన్సులిన్ పెరిగాయి.

ఈ రెండు దారుల్లోనూ బ్యుటిరిక్ ఆమ్లం కనిపిస్తుంది చూశారా? కబురు పంపించేదీ అదే. పేగు గోడకు తిండి పెట్టి గట్టిగా నిలిపేదీ అదే.

బాక్టీరియాను మారిస్తే జబ్బు పోతుందా?

2012లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో డాక్టర్లు ధైర్యంగా ఒక పరీక్ష చేశారు. ఊబకాయంతో చక్కెర జబ్బు వైపు నడుస్తున్న 18 మంది పురుషులను తీసుకున్నారు. సగం మందికి సన్నగా ఆరోగ్యంగా ఉన్నవారి మలం నుంచి తీసిన బాక్టీరియాను గొట్టం ద్వారా పేగుల్లోకి పంపారు. మిగతా సగం మందికి వారి సొంత బాక్టీరియానే తిరిగి పంపారు. ఎవరికి ఏది అందిందో తెలియనివ్వలేదు. ఆరు వారాల తర్వాత చూస్తే, ఆరోగ్యవంతుల బాక్టీరియా అందుకున్న వారి శరీరం ఇన్సులిన్ మాటను బాగా వింటోంది. అందరూ సంతోషించారు. కాని 2017లో మరింత మందిపై చేసిన పరీక్షలో అసలు సంగతి బయటపడింది. ఆరు వారాలకు కనిపించిన మేలు పద్దెనిమిది వారాలకు మాయమైంది. కొందరిలో మేలు కనిపించింది, కొందరిలో అసలు కనిపించలేదు. కొత్తగా వచ్చిన బాక్టీరియాను పాత కాపురస్తులు నిలవనివ్వలేదన్నమాట.

అతిథులను మార్చే బదులు వడ్డన మారిస్తే? 2018లో చైనాలోని జావో లిపింగ్ బృందం ఈ పరీక్ష చేసింది. చక్కెర జబ్బు ఉన్న 43 మందికి ఒకే మందు ఇచ్చారు. వారిలో 27 మందికి ముడిధాన్యాలు, ఇతర పీచుపదార్థాలు బాగా ఉన్న భోజనం కూడా పెట్టారు. మిగతా 16 మంది మామూలు సలహా ప్రకారం తిన్నారు. 84 రోజుల తర్వాత పీచు తిన్న వారిలో 89 శాతం మందికి చక్కెర చక్కగా అదుపులోకి వచ్చింది. రెండవ వర్గంలో అది 50 శాతం. పీచు తిన్న వారి పేగుల్లో ఆమ్లాలు చేసే 15 రకాల బాక్టీరియా బాగా వృద్ధి చెందింది. అవి ఎక్కువగా ఉన్నవారిలో ఫలితం మరింత బాగుంది. పరీక్షించిన వారు కొద్దిమందే అయినా, కవలల బాక్టీరియాతో ఎలుకలు చెప్పిన పాఠమే ఇక్కడా వినిపిస్తోంది. నేలను బాగు చేస్తే పంట బాగుంటుంది.

మనం తెలుసుకోవలసింది

ఇంతకీ దొంగ దొరికాడా? పూర్తిగా దొరకలేదు. చక్కెర జబ్బు ఒక్కరు చేసే పని కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు, శరీరం బరువు, వ్యాయామం, నిద్ర, తిండి అన్నీ ఇందులో భాగస్వాములే. బాక్టీరియా ఆ ముఠాలో ఒక సభ్యుడు. దాని వాటా ఎంత అన్నది ఇంకా లెక్క తేలవలసి ఉంది. అందుచేత “ఈ పొడి తాగితే పేగులు శుభ్రపడి షుగర్ పోతుంది” అని ఎవరైనా ప్రకటిస్తే నమ్మకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాటలు నమ్మి డాక్టరు ఇచ్చిన మందు మానేయబోతే, వద్దని చెప్పండి. మందు ఆపడం ప్రమాదం.

అయితే చేతిలో ఉన్న పని ఒకటుంది. పొట్టు తీయని పెసలు, అలసందలు, శనగలు, జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, తోటకూర, గోరుచిక్కుడు, జామకాయ వీటన్నిటిలో పీచు బాగా ఉంది. ఇవి ఖరీదైన మందులు కావు, మన పొలాల్లో పండేవే. బియ్యాన్ని తెల్లగా మరపట్టించి తవుడును గేదెలకు పోస్తున్నాం. గేదెలకు మంచిదే. మరి మన పేగుల్లోని కోటానుకోట్ల ప్రాణులకు మిగిలేదేమిటి?

మీలో కొందరు రేపు డాక్టర్లు, జీవశాస్త్రజ్ఞులు అవుతారు. చైనా వారి పేగులు, స్వీడన్ వారి పేగులు ఎలా ఉంటాయో వందలాది మందిని పరీక్షించి తెలుసుకున్నారు. జొన్నలు తినే పాలమూరు రైతు పేగుల్లో ఏముందో, వరి తినే గోదావరి తీరం వారి పేగుల్లో ఏముందో, పట్నానికి వలస వెళ్ళి తిండి మారాక అక్కడ ఏమి మారుతుందో అంతే శ్రద్ధగా చూడవలసిన అవసరం ఉంది. పది కోట్ల మందికి జబ్బు ఉన్న దేశంలో ఆ ప్రశ్నలకు జవాబు వెతకడం మనకు ఎంతో అవసరమైన పని.